పెద్దయ్యాక ఆటిజం అనుమానం వస్తే: సొంతంగా తేల్చుకోవడం నుంచి డాక్టర్ నిర్ధారణ దాకా ఏం చేయాలి

‘నాకు ఆటిజం ఉందేమో’ అన్న అనుమానం పెద్దయ్యాక మొదలైనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఆ అనుమానం 34వ ఏట వచ్చింది. రిపోర్ట్ చేతికి వచ్చేసరికి 36 నిండాయి. ఆ రెండేళ్లలో తెలిసీ తెలియక చేసిన పనుల్లో కొన్ని చాలా పనికొచ్చాయి, కొన్ని ఊరికే నెలలు తినేశాయి. అప్పుడు నాకెవరైనా వరసగా చెప్పి ఉంటే బాగుండేది అనిపించిన సంగతులే ఇవి.

సొంతంగా తేల్చుకోవడానికీ, డాక్టర్ దగ్గర నిర్ధారణ చేయించుకోవడానికీ మధ్య పెద్ద గొడవ ఉన్నట్టు చాలామంది వాదించుకుంటారు. ‘నా గురించి నాకు తెలియదా’ అని ఒకరు, ‘కాగితం లేకపోతే చెల్లదు’ అని ఇంకొకరు. నేను చూసినంతలో, మొదటిది ఓపిగ్గా చేసినవాళ్లకే రెండోది సరిగ్గా జరిగింది. ఎందుకంటే ఆటిజాన్ని పట్టుకునే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ ఇప్పటిదాకా లేదు. నిపుణులు చూసేది మీ తీరునీ, చిన్నప్పటి నుంచి మీరు బతికిన పద్ధతినీ. ఆ వివరాలన్నీ పట్టుకెళ్లాల్సింది మీరే.

1. ముందు అసలు ప్రమాణాలు చదవండి

వీడియోల్లో చెప్పే ‘ఈ పది లక్షణాలు ఉంటే మీకు ఆటిజమే’ లాంటివి పక్కన పెట్టండి. నిపుణులు వాడే పుస్తకాలు ముఖ్యంగా రెండు: అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ల డీఎస్ఎం-5, ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఐసీడీ-11. 2013లో డీఎస్ఎం-5 వచ్చినప్పుడు ఆస్పర్జర్స్ సిండ్రోమ్ వంటి వేర్వేరు పేర్లను ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అన్న ఒకే పేరు కిందికి తెచ్చారు.

డీఎస్ఎంలో ఆటిజం ప్రమాణాలకు రెండు భాగాలుంటాయి. మొదటి భాగం మనుషులతో వ్యవహారం: మాటకు మాట, భావానికి భావం ఇచ్చిపుచ్చుకోవడం, చూపు, ముఖకవళికలు, సైగల వంటి మాటలు కాని సంభాషణ, స్నేహాలు కుదుర్చుకోవడం, నిలబెట్టుకోవడం. ఈ మూడింటిలోనూ ఇబ్బంది కనిపించాలి. రెండో భాగంలో ఉన్న నాలుగింటిలో కనీసం రెండు కనిపించాలి: ఒకే కదలికో మాటో పదేపదే రావడం, అంతా ఒకే పద్ధతిలో జరగాలన్న పట్టుదల, ఏదో ఒక విషయం మీద మామూలును మించిన ఆసక్తి, శబ్దం వెలుతురు స్పర్శ వంటివాటికి అతిగానో మరీ తక్కువగానో స్పందించడం. ఇవన్నీ చిన్నతనం నుంచే ఉండాలి, రోజువారీ జీవితాన్ని నిజంగా ఇబ్బంది పెడుతూ ఉండాలి.

పెద్దవాళ్లకు ముఖ్యమైన మాట ఒకటి అందులోనే ఉంది. చిన్నప్పుడు ఉన్నా పైకి కనిపించకపోవచ్చు, నేర్చుకున్న పద్ధతుల కింద దాగి ఉండవచ్చు అని అది ఒప్పుకుంటుంది. అంటే ‘ఇన్నాళ్లూ ఎవరూ గుర్తించలేదు కాబట్టి లేదు’ అన్న వాదన నిలబడదు.

అసలు మనల్ని అప్పట్లో గుర్తించే అవకాశమే తక్కువ. అమెరికాలో పిల్లల సైకియాట్రిస్ట్ లియో కానర్ ఆటిజం గురించి 1943లోనే రాసినా, వియన్నా డాక్టర్ హాన్స్ ఆస్పర్జర్ 1944లో జర్మన్‌లో రాసింది చాలాకాలం బయటివాళ్లకు పెద్దగా చేరలేదు. 1981లో బ్రిటిష్ సైకియాట్రిస్ట్ లోర్నా వింగ్ దాని గురించి ఇంగ్లిష్‌లో రాశాకే నలుగురి నోళ్లలో పడింది. డీఎస్ఎంలో ఆస్పర్జర్స్ చేరింది 1994లో. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం), ఆటిజం రెండూ ఒకే మనిషికి రాయవచ్చని డీఎస్ఎం ఒప్పుకున్నది 2013లో. చక్కగా మాట్లాడుతూ, మార్కులు తెచ్చుకుంటూ, ఒక మూల కూర్చున్న పిల్లను చూసి మీ టీచర్‌కు ఆ మాట తట్టలేదంటే అది ఆవిడ తప్పు కాదు, మీ తప్పు అంతకన్నా కాదు.

2. ప్రశ్నపత్రాలు చేయండి, స్కోరుకు అతుక్కుపోకండి

ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించేవి మూడు. ఏక్యూ అన్నది 2001లో సైమన్ బారన్-కోహెన్ బృందం తయారుచేసింది, 50 ప్రశ్నలు, 32 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఇంకా లోతుగా చూడమంటుంది. రాడ్స్-ఆర్‌లో 80 ప్రశ్నలు, దాని గీత 65 దగ్గర. క్యాట్-క్యూలో 25 ప్రశ్నలు, అది మాస్కింగ్‌ను కొలుస్తుంది. మాస్కింగ్ అంటే పక్కవాళ్లను చూసి నేర్చుకున్న నవ్వు, చూపు, మాటలతో లోపలి ఇబ్బందిని కప్పేయడం.

ఇవి జల్లెడలు. తేల్చి చెప్పే పని వీటిది కాదు. రాడ్స్-ఆర్‌ను నిపుణులు పక్కన ఉండి చేయించడానికే తయారుచేశారు, ఒంటరిగా ఫోన్‌లో నింపడానికి కాదు. బాగా ఆందోళన ఉన్నవాళ్లకూ, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకూ ఆటిజం లేకపోయినా స్కోరు పైకి పోవచ్చు. ఏళ్ల తరబడి మాస్కింగ్ చేసి తన ఇబ్బంది తనకే తెలియని మనిషికి కిందికి రావచ్చు.

నేను ఒకే నెలలో ఏక్యూను ఐదుసార్లు చేశాను. స్కోరు రెండు తగ్గితే ఆ రాత్రి నిద్రపట్టేది కాదు. మీరు ఒక్కసారి చేయండి, కానీ ప్రతి జవాబు పక్కన ఎందుకలా పెట్టారో ఒక వాక్యం రాయండి. ‘కొత్తవాళ్లతో తేలిగ్గా కలుస్తారా’ అన్నట్టు అడిగితే మనలో చాలామందికి అక్కడే ఆగిపోతుంది. ఎవరితో? ఎంతమందితో? పని మీదా, ఊరికేనా? అలా ఆగిపోవడం కూడా ఒక వివరమే, రాసుకోండి. తర్వాత నిపుణులకు స్కోరు కంటే ఆ పక్క వాక్యాలే ఎక్కువ పనికొస్తాయి.

3. నోట్‌బుక్ పెట్టండి: లక్షణం రాయకండి, జరిగింది రాయండి

మొత్తం ఈ వ్యవహారంలో ఒక్క పనే చేయగలనంటే ఇది చేయండి.

‘నాకు శబ్దాలు పడవు’ అని రాస్తే అది చదివినవాళ్లకు ఏమీ తెలియదు. శబ్దాలు ఎవరికి పడతాయి? నా నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఇలా ఉంది: ‘మంగళవారం, మధ్యాహ్నం మీటింగ్. ట్యూబ్‌లైట్ చోక్ గుయ్యిమంటోంది. మేనేజర్ పెదాలు కదులుతున్నాయి, మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. తల ఊపాను. అందరూ నవ్వినప్పుడు అర సెకను ఆలస్యంగా నవ్వాను. బయటికొచ్చాక నేను దేనికి ఒప్పుకున్నానో పక్క సీటు అమ్మాయిని అడిగి తెలుసుకున్నాను. ఇంటికెళ్లి లైట్ వేయకుండా రెండు గంటలు పడుకున్నాను.’

ఇందులో శబ్దం ఒక్కటే లేదు. పైకి ఏం చూపించానో ఉంది, దాన్ని ఎలా కప్పిపుచ్చానో ఉంది, దానికి తర్వాత ఏం ఖర్చయిందో ఉంది. ప్రతి సంఘటనకూ ఈ నాలుగూ రాయండి: ఏం జరిగింది, లోపల ఎలా ఉంది, బయటికి ఏం కనిపించింది, తర్వాత కోలుకోవడానికి ఎంతసేపు పట్టింది. నాలుగోది చాలామంది వదిలేస్తారు. పెద్దవాళ్లలో ఇబ్బంది తరచూ బయటపడేది అక్కడే. ఆఫీసులో అంతా బాగానే ఉన్నట్టుంటుంది, ఇంటికొచ్చాక నోట మాట రాదు.

లోపల ఎలా ఉందో మీకే తెలియకపోతే కంగారు పడకండి. తన భావాలను గుర్తించి పేరు పెట్టడం కష్టమవడాన్ని అలెక్సిథైమియా అంటారు, ఆటిజం ఉన్నవాళ్లలో అది తరచూ కనిపిస్తుంది. అలాంటప్పుడు ఒంటి సంగతి రాయండి: దవడ బిగుసుకుంది, అరచేతులు చల్లబడ్డాయి, కడుపులో తిప్పింది.

మీకు మామూలుగా అనిపించేవి కూడా రాయండి. ఫోన్ చేసే ముందు నేను మొదటి వాక్యం కాగితం మీద రాసుకునేదాన్ని. దాని కింద రెండు గీతలు: అవతలివాళ్లు ఇలా అంటే ఇది, అలా అంటే అది. అందరూ అలాగే చేస్తారనుకున్నాను. ఒకసారి నా స్నేహితురాలు ఆ కాగితం చూసి, ‘ఇదేంటి, నాటకం డైలాగులా?’ అని అడిగేదాకా అది వింత అని నాకు తెలియదు.

ఇక, అదే పుస్తకంలో వెనక పేజీ ఒకటి ‘కాదేమో’ అన్నదానికి కేటాయించండి. ఆటిజానికి పొసగదు అనిపించిన ప్రతిదీ అక్కడ రాయండి. మనం ఒక జవాబును నమ్మడం మొదలుపెట్టాక దానికి సరిపోయేవే కళ్లకు కనిపిస్తాయి. ఆ పేజీ ఖాళీగా ఉందంటే నిజాయితీగా రాయలేదని అనుమానించండి.

4. చిన్నతనం తవ్వండి

చిన్నప్పటి నుంచి ఉన్నదని తెలియకపోతే ఏ నిపుణుడూ నిర్ధారించలేరు. స్కూల్ ప్రోగ్రెస్ కార్డులు, వాటి మీద టీచర్లు రాసిన మాటలు, పాత ఫొటోలు, డైరీలు వెతకండి. ‘తెలివైనది కానీ ఎవరితోనూ కలవదు’ అన్న ఒక్క లైను ఎంతో విలువైనది.

ఇంట్లో పెద్దవాళ్లను ‘నాకు ఆటిజం ఉండేదా’ అని అడగకండి. వాళ్లు కంగారుపడి వెంటనే లేదంటారు. ఏం ఆటలు ఆడేదాన్ని, ఎవరితో, దేనికి ఏడ్చేదాన్ని, ఏ బట్టలు వేసుకోనని మొండికేసేదాన్ని, అని అడగండి. మా అమ్మ మురిసిపోతూ చెప్పింది: ‘నువ్వసలు నన్ను ఇబ్బంది పెట్టలేదే. గుండీల డబ్బా ఇస్తే చాలు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదిలేదానివి కాదు.’ ఆ గుండీలతో ఏం చేసేదాన్నమ్మా అని అడిగాను. రంగుల వారీగా పెట్టి, మళ్లీ అందులోనే రెండు చిల్లులవి, నాలుగు చిల్లులవి వేరుచేసేదాన్నట. ఎవరైనా ఒక గుండీ కదిపితే గంటసేపు ఏడ్చేదాన్నట. అమ్మకు అది బుద్ధిమంతురాలి గుర్తు.

‘దానికేముంది, మీ నాన్నా అంతే’ అన్న జవాబు కూడా వస్తుంది. ఆటిజంలో జన్యువుల పాత్ర పెద్దది. ఒకే పోలిక ఉన్న ఇంట్లో అది మామూలుగానే కనిపిస్తుంది. అందుకే ఇంట్లోవాళ్ల మాటతో పాటు బయటివాళ్లవి ఒకరిద్దరివి కూడా సేకరించండి.

5. ‘ఇంకేమైనా కావచ్చా’ అని కూర్చుని ఆలోచించండి

సొంత నిర్ధారణ బలహీనపడేది ఇక్కడే, ఇది ఒప్పుకోవాలి. మన వీపు మనకు కనిపించదు.

సోషల్ యాంగ్జయిటీలో ఏం చేయాలో తెలుస్తుంది, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం ఆపేస్తుంది. ఆటిజంలో అసలు ఏం చేయాలన్నదే చాలాసార్లు తెలియదు. కానీ తెలియక ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న మనిషికి ఆ భయం కూడా వచ్చి చేరుతుంది, అప్పుడు రెండూ ఉంటాయి. ఓసీడీలో పదేపదే చేసే పని వద్దనుకున్నా చేయాల్సి వస్తుంది, చేయకపోతే ఏదో కీడు జరుగుతుందన్న భయం. ఆటిజంలో అలాంటి పని ఎక్కువగా ఊరటనిస్తుంది. పెద్ద దెబ్బ తిన్న తర్వాతే మనుషులకు దూరమయ్యారా, అంతకుముందు నుంచీ ఇంతేనా? ఏడీహెచ్‌డీ మాటేమిటి? చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయా? వినికిడి పరీక్ష చిన్న పని, చేయించుకోండి.

వీటన్నిటికీ ఉపయోగపడే ప్రశ్న ఒక్కటే: ఇది ఎప్పటి నుంచి? ఈ ఏడాదో రెండేళ్ల నుంచో కొత్తగా మొదలైన మార్పయితే అది ఆటిజం కాకపోవచ్చు, డాక్టర్‌కు త్వరగా చూపించుకోవాలి. చనిపోవాలనిపించే ఆలోచనలు వస్తుంటే అసెస్‌మెంట్ (నిపుణులు చేసే ఆటిజం పరీక్ష) కోసం ఒక్కరోజు కూడా ఆగకండి. ఇవాళే దగ్గరివాళ్లకు చెప్పండి, ఇవాళే సాయం తీసుకోండి. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో ఆ ప్రమాదం ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి, అందుకే గట్టిగా చెబుతున్నాను.

6. కాగితం మీకు దేనికి కావాలో రాసుకోండి

ఆఫీసులో, కాలేజీలో చట్టప్రకారం సౌకర్యాలు అడగాలన్నా, ప్రభుత్వ సాయం పొందాలన్నా నిర్ధారణ కావాలి. అక్కడ ‘నాకు తెలుసు’ అంటే కుదరదు. ఏళ్లుగా డిప్రెషన్‌కో ఆందోళనకో మందులు వాడుతున్నా గుణం కనిపించకపోతే కూడా వెళ్లండి, అడుగున ఏముందో తెలిస్తే చికిత్స మారవచ్చు. అనుమానం రాత్రీ పగలూ తొలిచేస్తుంటే అదీ సరైన కారణమే.

మిమ్మల్ని మీరు అర్థం చేసుకుని, జీవితాన్ని కాస్త సర్దుకోవడానికే అయితే కాగితం తప్పనిసరి కాదు. ఎదురుచూపులు, ఖర్చు, దగ్గర్లో తెలిసిన నిపుణులు లేకపోవడం, ఇవన్నీ నిజమైన అడ్డంకులు. వాటి వల్ల ఆగిపోయినవాళ్లను ‘అబద్ధం’ అనడం అన్యాయం. కొన్ని ఉద్యోగాలకు, లైసెన్సులకు ఆరోగ్య వివరాలు చెప్పాల్సి ఉంటుంది కాబట్టి మీ రంగంలో నియమాలు ఏమిటో ముందే చూసుకోండి.

కాగితం లేనప్పుడు మాట మాత్రం సరిగ్గా వాడండి. ‘నాకు ఆటిజం ఉందని నేను అనుకుంటున్నాను, ఇంకా పరీక్ష చేయించుకోలేదు’ అంటే అందులో అబద్ధం లేదు, తగ్గడమూ లేదు.

సర్దుబాట్లకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. మెడ దగ్గర గుచ్చుకునే లేబుల్ కత్తిరించేయండి. మీటింగ్‌లో అనుకున్నవి మెయిల్‌లో పంపమని అడగండి. మనుషుల మధ్య గడపాల్సిన రోజు తర్వాతి రోజు ఖాళీ ఉంచుకోండి. ఆటిజం లేదని రేపు తేలినా వీటివల్ల నష్టమేమీ లేదు. ‘ఆటిజం నయం చేస్తాం’ అనేవాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. తోడుగా ఉండే ఆందోళనకు, నిద్రలేమికి, ఏడీహెచ్‌డీకి చికిత్సలున్నాయి.

7. సరైన మనిషిని వెతకండి

పెద్దవాళ్లను చూసిన అనుభవం ఉన్న సైకియాట్రిస్ట్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్ కావాలి. చాలామందికి పిల్లలతోనే అలవాటు. అపాయింట్‌మెంట్‌కు ముందే అడగండి: పెద్దవాళ్లకు అసెస్‌మెంట్ చేస్తారా, ఏ పద్ధతులు వాడతారు, ఏడీహెచ్‌డీ, ఆందోళన కూడా చూస్తారా, రాతపూర్వకంగా రిపోర్ట్ ఇస్తారా. విసుక్కుంటే అదే జవాబు.

నేను మొదట వెళ్లినచోట పది నిమిషాల్లో అయిపోయింది. ‘కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారు, ఉద్యోగం చేస్తున్నారు, మీకు ఆటిజం ఏమిటి’ అన్నారు. నేను చూస్తున్నది ఆయన కనుబొమల మధ్య. అది చెప్పే ధైర్యం లేక లేచి వచ్చేశాను, తర్వాత ఎనిమిది నెలలు ఆ మాట ఎత్తలేదు. మీకిలా జరిగితే, ‘ఏ ప్రమాణం నాకు సరిపోలేదో చెబుతారా’ అని అడగండి. జవాబు రాకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

నోట్‌బుక్ మొత్తం వాళ్ల ముందు పెట్టకండి. ఒకటి రెండు పేజీలకు కుదించండి: ప్రమాణాల వరసలో, ఒక్కోదానికి చిన్నప్పటిది ఒకటి, ఇప్పటిది ఒకటి. ‘నాకు ఆటిజం’ అని మొదలుపెట్టే బదులు ‘ఇవి జరుగుతున్నాయి, ఎందుకో తెలుసుకోవాలి’ అని మొదలుపెడితే వాళ్లూ తెరిచిన మనసుతో చూస్తారు.

8. అసెస్‌మెంట్ రోజు

చాలాచోట్ల ఏడీఓఎస్-2 అనే పద్ధతి వాడతారు. మాటలు బాగా వచ్చిన పెద్దవాళ్లకు అందులో నాలుగో మాడ్యూల్. ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. బొమ్మలు చూసి కథ చెప్పమంటారు, స్నేహం గురించీ ఉద్యోగం గురించీ అడుగుతారు. పెద్దవాళ్లకు పిల్లల ఆటలాగా, కాస్త ఇబ్బందిగా అనిపిస్తుంది. వాళ్లు చూసేది కథ బాగుందా అని కాదు, మీరు ఎలా చెబుతున్నారు, మాట ఎలా అందిపుచ్చుకుంటున్నారు అని. వీలుంటే ఏడీఐ-ఆర్ పేరుతో మీ చిన్నతనం తెలిసినవాళ్లతో విడిగా మాట్లాడతారు, అందులో 93 ప్రశ్నలుంటాయి. అమ్మానాన్నలు లేకపోతే అక్కో అన్నో పిన్నో ఎవరైనా సరే, ఎవరూ లేకపోయినా మిగతా ఆధారాలతో చూసే నిపుణులున్నారు.

ముందు రాత్రి ఆ పరీక్ష వీడియోలు చూసి సాధన చేయకండి. ఇంటర్వ్యూకు వెళ్లినట్టు నవ్వులు సిద్ధం చేసుకోకండి. లేని లక్షణాలు చూపించడం ఎంత తప్పో, ఉన్నవి దాచడం అంతే నష్టం. వేళ్లు కదపాలనిపిస్తే కదపండి. కళ్లు తిప్పుకోవాలనిపిస్తే తిప్పుకోండి. ‘ఈ జవాబు నేను ముందే కంఠతా పట్టి వచ్చాను’ అని చెప్పేయండి, నేనలాగే చెప్పాను. నన్ను పరీక్షిస్తున్నావిడ పెన్ను ఆపి, ‘ఎప్పుడూ ఇలాగే చేస్తారా’ అని అడిగారు. ఆ తర్వాత అరగంట మాట్లాడింది దాని గురించే.

సాయంత్రం ఏ పనీ పెట్టుకోకండి.

9. రిపోర్ట్ వచ్చాక

ఉందని తేలితే ముందు గుండె బరువు దిగుతుంది, వారం తిరిగేసరికి దుఃఖం రావచ్చు, అప్పుడే తెలిసి ఉంటే అన్న దుఃఖం. రెండూ మామూలే. రిపోర్ట్‌లో ఒకటి, రెండు, మూడు అని స్థాయి రాస్తే అది మీకు ఎంత సాయం అవసరమో చెప్పేది, మీ తెలివికో విలువకో అంకె కాదు. తప్పులు ఉంటే సరిచేయమని రాసి పంపండి.

లేదని తేలితే ఎందుకన్నారో అడగండి, మరి ఈ ఇబ్బందులకు కారణం ఏమిటో అడగండి. పెద్దవాళ్ల గురించి తెలిసినవాళ్లు, సమయం తీసుకుని చూసినవాళ్లు లేదన్నారంటే దాన్ని నిజంగా ఆలోచించండి, వాళ్లు చెప్పిన ఇంకో కారణానికి చికిత్స మొదలుపెట్టి చూడండి. హడావుడిగా తేల్చేశారనిపిస్తే రెండో అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు.

ఎవరికి చెప్పాలన్నది నెమ్మదిగా నిర్ణయించుకోండి. ఆఫీసులో నేను ఆటిజం అన్న మాటతో మొదలుపెట్టలేదు. ‘నా సీటు ఆ ట్యూబ్‌లైట్ కింద నుంచి మారిస్తే పని బాగా చేయగలను’ అని మెయిల్ పెట్టాను, రెండో రోజే మార్చారు. రిపోర్ట్ చూపించింది ఆ తర్వాత మూడు నెలలకు. అమ్మకు మాత్రం వచ్చిన రోజే, గుండీల డబ్బా ఉన్న పేజీ తీసి చదివి వినిపించాను. అంతా విని, ‘అప్పుడు నువ్వు సంతోషంగానే ఉన్నావు కదే?’ అని అడిగింది. ఉన్నానమ్మా అన్నాను. అది నిజం.